‘నోరు కట్టుకోలేవా?’ అనే ముందు: డగ్లస్ కోల్‌మన్ పరిశోధనా జీవితం

(చెన్నై టీ నగర్‌లో తెలుగువాళ్ళం కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం, డయాబెటిస్ వైద్యంలో ఉన్న ఒక డాక్టరు గారు చేసిన ప్రసంగమిది. రికార్డింగ్ విని రాశాం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగారు కాబట్టి పెడుతున్నాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. ముందు ఒక్క మాట అడుగుతాను. అమ్మగారి వైపు గానీ, నాన్నగారి వైపు గానీ, ఇంట్లో ఒక్కరికి కూడా షుగర్ లేనివాళ్ళు చెయ్యెత్తండి. చూశారా, ఇంత హాల్లో వెనక వరసలో ఇద్దరే ఎత్తారు. బాబూ, మేనమామల్ని, పెదనాన్నల్ని కూడా లెక్కలోకి తీసుకున్నారా? ఇంటికెళ్ళాక ఒకసారి అడిగి తెలుసుకోండి. మాటవరసకి చెప్పడం లేదు, ఈ సమాచారం మీకు రేపు పనికొస్తుంది. ఎందుకో చివర్లో చెబుతాను.

మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్క ఇది. ఆ సర్వేని దేశమంతా సమన్వయం చేసింది ఈ ఊరి వాళ్ళే, మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు. దేశంలో మొట్టమొదటి డయాబెటిస్ క్లినిక్ కూడా ఇక్కడే మొదలైంది. 1948లో, స్టాన్లీ ఆస్పత్రిలో, ప్రొఫెసర్ ఎం. విశ్వనాథన్ గారు పెట్టారు. ఉత్తర మద్రాసులో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మీ తాతలు, అమ్మమ్మలు కొందరు ఆ వరండాల్లో చీటీ పట్టుకుని కూర్చునే ఉంటారు.

సరే. ఇవాళ నేను ఏం తినాలి, ఎంత నడవాలి అని చెప్పడానికి రాలేదు. ఒక మనిషి గురించి చెప్పడానికి వచ్చాను. ఆయన పేరు డగ్లస్ కోల్‌మన్. ఎప్పుడైనా విన్నారా? వినలేదు కదా. మెడికల్ కాలేజీ పిల్లల్ని అడిగినా చాలామంది వినలేదనే అంటారు. నాకు అది బాధ. ఎందుకంటే లావు గురించి, ఆకలి గురించి ఇవాళ మనకి తెలిసినదానికి పునాది వేసినవాళ్ళలో ఆయన ఒకరు.

లావుగా ఉన్న పిల్లాడు కనబడితే మనం మొదట అనే మాట ఏమిటి? ‘నోరు కట్టుకోలేవా?’ షుగర్ వచ్చిన మనిషిని చూస్తే? ‘తిని తిని తెచ్చుకున్నాడు.’ ఈ మాటలు నేను రోజూ వింటాను. పక్కింటివాళ్ళ నోట వింటే సరే అనుకోవచ్చు. పేషెంట్ల నోటే వింటాను. ‘నా చేతులారా తెచ్చుకున్నాను డాక్టర్’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఈ తప్పు నిజంగా ఎవరిది? కోల్‌మన్ జీవితమంతా ఈ ప్రశ్నకి జవాబు వెతకడంలోనే గడిచిందని నేను అనుకుంటాను, ఆయన ఈ మాటల్లో చెప్పకపోయినా.

ఆయన కెనడా మనిషి. 1931లో ఒంటారియోలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో పుట్టారు. బయోకెమిస్ట్రీ చదివారు, విస్కాన్సిన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. 1958లో అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున, బార్ హార్బర్ అనే చిన్న ఊళ్ళో ఉన్న జాక్సన్ లేబొరేటరీలో ఉద్యోగంలో చేరారు. ఒకటి రెండేళ్ళు ఉండి వెళ్ళిపోదామనే చేరారు. 1991లో రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. ఇంకో ఊరు లేదు, ఇంకో ల్యాబ్ లేదు.

ఆ జాక్సన్ ల్యాబ్ ఎలాంటిదంటే, అక్కడ ఎలుకల వంశాలు పెంచుతారు. మనం గోత్రాలు, ఇంటిపేర్లు రాసుకున్నట్టు ఏ ఎలుక ఏ ఎలుకకి పుట్టింది అని తరాల తరబడి రాసి పెడతారు. 1947లో ఆ ఊరికి పెద్ద కార్చిచ్చు అంటుకుని ల్యాబ్ కాలిపోయింది. ఎలుకలు పోయాయి. అప్పుడు ఏం జరిగిందంటే, అంతకు ముందు వాళ్ళ దగ్గర ఎలుకలు తీసుకున్న శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడి నుంచో తమ దగ్గరున్న ఎలుకల్ని తిరిగి పంపారు. అలా మళ్ళీ నిలబడింది. రెండేళ్ళు తిరగ్గానే, 1949లో, అక్కడి ఎలుకల మధ్య ఒకటి విపరీతంగా ఒళ్ళు చేసింది. మామూలు ఎలుకకి రెండింతలు, మూడింతలు. ముందు కడుపుతో ఉందేమో అనుకున్నారు. చూస్తే మగది. అలాంటివే ఇంకొన్ని పుట్టాయి. లెక్కలు చూస్తే ఒకే ఒక్క జన్యువులో తేడా అని తేలింది. దానికి ఓబీ అని పేరు పెట్టారు. 1966లో ఇంకో రకం గురించి రాశారు. అదీ లావే, పైగా దానికి షుగర్ విపరీతం. దానికి డీబీ అని పేరు. ఈ డీబీ ఎలుక దగ్గర కోల్‌మన్ గారి అసలు పని మొదలైంది.

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

రెండు ఎలుకల్ని పక్కపక్కన పెట్టి, ఒకవైపు చర్మం కోసి, రెండింటినీ కలిపి కుడతారు. వినడానికి కష్టంగా ఉంటుంది, నాకూ చెప్పడానికి కష్టంగానే ఉంది. కొన్నాళ్ళకి వాటి సన్నటి రక్తనాళాలు కలుసుకుంటాయి. ఒకదాని రక్తంలో తిరిగేది కొంచెం కొంచెం రెండోదాని ఒంట్లోకి వెళుతుంది. కడుపులు వేరు, మెదళ్ళు వేరు. రక్తంలో కొంత భాగమే ఉమ్మడి. ఈ పద్ధతి కొత్తది కాదు. 1959లోనే ఇంగ్లండులో హార్వే అనే ఆయన ఎలుకల మీద ఇలాంటిది చేసి చూశారు.

కోల్‌మన్ ఏం చేశారంటే, ఒక డీబీ ఎలుకనీ ఒక మామూలు ఎలుకనీ ఇలా కలిపారు. షుగర్‌కి కారణమయ్యేది ఏదైనా రక్తంలో ఉంటే మామూలుదానికి కూడా షుగర్ రావాలి. లేదా మామూలుదాని రక్తంలో మంచి చేసేది ఉంటే డీబీ ఎలుక బాగుపడాలి. రెండింట్లో ఏదో ఒకటి జరగాలి కదా? ఏం జరిగి ఉంటుందని మీరు అనుకుంటున్నారు?

రెండూ జరగలేదు. మామూలు ఎలుక తిండి మానేసింది. బోను ఒకటే, తిండి గిన్నె ఒకటే. లావుది గిన్నె వదలకుండా తింటోంది, దాని ఒంటికి అంటుకునే ఉన్న రెండోది ముట్టుకోవడం లేదు. కొద్ది రోజులకి చచ్చిపోయింది. కోసి చూస్తే కడుపులో తిండి లేదు, పేగుల్లో లేదు, రక్తంలో చక్కెర పూర్తిగా పడిపోయి ఉంది. ఆకలి చావు. తిండి ముందర పెట్టుకుని ఆకలి చావు.

ఆ ఎలుకకి ‘నోరు కట్టుకో’ అని ఎవరు చెప్పారు? ఆలోచించండి. దానికి పట్టుదల ఎక్కడినుంచి వచ్చింది? పక్కదాని రక్తంలోంచి వచ్చింది. ఆ రక్తంలో ఏదో ఉంది, అది ఈ ఎలుక మెదడుకి చేరి ‘చాలు, ఇక తినకు’ అంటోంది. 1969లో కోల్‌మన్ దీన్ని ప్రచురించారు.

తర్వాత ఓబీ ఎలుకని తెచ్చారు. ఓబీని మామూలుదానితో కలిపితే ఓబీ తిండి తగ్గించింది, ఒళ్ళు పెరగడం తగ్గింది, రెండూ బతికాయి. ఓబీని డీబీతో కలిపితే? ఓబీ తిండి మానేసి చచ్చిపోయింది, మామూలు ఎలుక పోయినట్టే. ఇక కోల్‌మన్‌కి బొమ్మ పూర్తిగా కనబడింది. ఒక ఉత్తరం ఉందనుకోండి, ఒంటి నుంచి మెదడుకి వెళ్ళే ఉత్తరం. ఓబీ ఇంట్లో ఆ ఉత్తరం రాసేవాళ్ళు లేరు, బయటినుంచి వస్తే మాత్రం చదువుకోగలదు. డీబీ ఇంట్లో ఉత్తరాలు కట్టలు కట్టలుగా రాస్తున్నారు, చదివేవాళ్ళు లేరు. అంటే ఒక జన్యువు ఆ పదార్థాన్ని తయారు చేసేది, రెండోది దాన్ని అందుకునేది. 1973లో ఇంత స్పష్టంగా రాశారాయన. ఆ పదార్థం ఏమిటో చూడలేదు, చేత్తో పట్టుకోలేదు, దానికి పేరు కూడా లేదు. ఒక బోనులో రెండు ఎలుకల్ని చూసి, ఇదీ విషయం అని చెప్పారు.

నమ్మారా? చాలామంది నమ్మలేదు. లావు అనేది బుద్ధికి సంబంధించినది, మనసుకి సంబంధించినది, రక్తంలో ఏముంటుంది అన్నారు. కోల్‌మన్ ఆ పదార్థాన్ని విడదీయాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించారు. దొరకలేదు. అప్పటి పరికరాలకి అది అందేది కాదు. ఆయన మాత్రం తన మాట మీద నిలబడే ఉన్నారు.

ఆయన చేసిన ఇంకో పని గురించి అంతగా ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో మన భారతీయులకి అది ఇంకా ముఖ్యం. డీబీ ఎలుకకి షుగర్ విపరీతంగా ఉండేది, ఓబీకి కొద్దిగానే ఉండేది. ఇది ఆ రెండు జన్యువుల మధ్య తేడా అనే అందరూ అనుకున్నారు. కోల్‌మన్, ఆయన సహచరులు ఏం చేశారంటే, డీబీ జన్యువుని తీసుకెళ్ళి ఓబీ పుట్టిన వంశంలోకి ఎక్కించారు. ఓబీని డీబీ పుట్టిన వంశంలోకి ఎక్కించారు. తరాల తరబడి జత కట్టిస్తే గానీ అయ్యే పని కాదది. చూస్తే ఫలితం తారుమారైంది. డీబీకి షుగర్ తగ్గింది, ఓబీకి పెరిగింది. అంటే లావు ఆ జన్యువు తెచ్చింది గానీ, ఆ లావు షుగర్‌గా మారుతుందా లేదా అన్నది మిగతా వంశం నిర్ణయించింది. ఒకే లావు, ఒకరికి షుగర్ తెస్తుంది, ఇంకొకరికి తేదు. దీన్ని కాస్త గుర్తు పెట్టుకోండి.

1991లో ఆయన రిటైరయ్యారు. అరవై ఏళ్ళు. అడవులు పెంచడం, భూముల సంరక్షణ, వాటి మీద పడ్డారు. అప్పటికి న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే డాక్టరు ఓబీ జన్యువు కోసం ఐదేళ్ళుగా వెతుకుతున్నారు. ఎలుకల 6వ క్రోమోజోము మీద ఎక్కడో ఉందని తెలుసు, ఆ ఎక్కడో అన్నది ఎక్కడ? ఇప్పటిలా కంప్యూటర్ తెరిచి జీనోమ్ చూసుకునే రోజులు కావవి. అంగుళం అంగుళం తడుముకుంటూ వెళ్ళాలి. 1994 మే నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున ఆయన డార్క్‌రూమ్‌లో ఎక్స్‌రే ఫిల్ము చూసుకుంటే జన్యువు దొరికిందని అర్థమైంది. ఆ డిసెంబరులో ప్రచురించారు. అదే లెప్టిన్ అనే హార్మోన్. ఎక్కడ తయారవుతోంది? కొవ్వులో. అప్పటిదాకా కొవ్వంటే ఒంట్లో దాచుకున్న నిల్వ సరుకే అనుకునేవాళ్ళు. అది మెదడుతో మాట్లాడే అవయవమని తేలింది. మరుసటి ఏడాది లెప్టిన్‌ని అందుకునే రిసెప్టర్ దొరికింది. చూస్తే డీబీ ఎలుకలో పాడైపోయింది సరిగ్గా ఆ రిసెప్టరే. 1973లో కోల్‌మన్ రాసింది రాసినట్టు నిజమైంది. 2010లో ఆయనకీ ఫ్రీడ్‌మన్‌కీ కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు, వైద్య పరిశోధనకి ఇచ్చే పెద్ద బహుమతి అది. 2014లో కోల్‌మన్ పోయారు.

‘ఎలుకల సంగతి సరే డాక్టర్, మనుషుల మాటేమిటి?’ అని మీరు అడగాలి. అప్పుడూ అందరూ అదే అడిగారు.

ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో స్టీఫెన్ ఓరాహిలీ, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న సదఫ్ ఫారూఖీ, వీళ్ళ బృందం ఇద్దరు పిల్లల్ని చూసింది. పాకిస్తాన్ నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబం. వరసకి అక్కాతమ్ముళ్ళు. పాపకి ఎనిమిదేళ్ళు, 86 కిలోలు. బాబుకి రెండేళ్ళు, 29 కిలోలు. రెండేళ్ళ పిల్లాడు 29 కిలోలంటే ఊహించుకోండి, మన ఇళ్ళల్లో తొమ్మిది, పదేళ్ళ పిల్లల బరువది. పుట్టినప్పుడు ఇద్దరూ మామూలుగానే ఉన్నారు. ఆ తర్వాత మొదలైంది ఆకలి. రక్తం పరీక్ష చేస్తే లెప్టిన్ దాదాపు లేదు. జన్యువు చదివితే అందులో ఒక్క అక్షరం లేదు. ఒకే ఒక్క అక్షరం. 1997లో ఇది ప్రచురించారు.

అంతటితో ఊరుకోలేదు. లేనిది లెప్టిన్ కాబట్టి లెప్టిన్‌నే ఇంజెక్షన్‌గా ఇచ్చారు. తొమ్మిదేళ్ళ వయసులో ఆ పాప బరువు 94.4 కిలోలు. ఇంజెక్షన్ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఆకలి తగ్గింది. ఏడాదిలో 16.4 కిలోలు తగ్గింది, తగ్గినదంతా దాదాపు కొవ్వే. ఆ అమ్మాయికి కొత్తగా పట్టుదల రాలేదు. ఎవరూ తిట్టలేదు, భయపెట్టలేదు. లేని హార్మోన్ ఇచ్చారు, అంతే.

అదే బృందం మరో సంగతి బయటపెట్టింది, దీనికి నేను చాలా విలువ ఇస్తాను. బ్రిటన్‌లో పిల్లలు మరీ లావుగా ఉంటే, తల్లిదండ్రులు కావాలని మేపుతున్నారు అనుకుని ప్రభుత్వ సంక్షేమ శాఖ వాళ్ళు ఆ పిల్లల్ని ‘ప్రమాదంలో ఉన్న పిల్లలు’ అనే జాబితాలో పెడుతుంటారు. ఫారూఖీ బృందం చూసిన పిల్లల్లో కొందరు ఆ జాబితాలో ఉన్నారు. పరీక్ష చేస్తే 16వ క్రోమోజోములో ఒక ముక్కే లేదు. ఆ కాగితం చూపించాక పిల్లల పేర్లు జాబితాలోంచి తీసేశారు. ఒక జన్యు పరీక్ష ఒక తల్లి మీద పడ్డ నిందని తుడిచేసింది.

ఇంగ్లండు దాకా ఎందుకు? నా ఓపీకి ఒకావిడ వచ్చేవారు, పేరు చెప్పను. చిన్నపిల్ల తల్లి. వంటింట్లో డబ్బాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేది, తాళంచెవి పుస్తెలతాడుకి కట్టుకునేది. అయినా పిల్ల రాత్రిళ్ళు లేచి నానబెట్టిన బియ్యం తినేసేది. పచ్చి బియ్యమమ్మా. అత్తగారి వైపు చుట్టాలు ఏమన్నారు? ‘చిన్నప్పటి నుంచీ అడిగిందల్లా పెట్టి నువ్వే పాడు చేశావు’ అన్నారు. ఆవిడ నాతో అన్న మాట: ‘సార్, నేను పెట్టలేదు అని ఒక్క డాక్టరైనా కాగితం మీద రాసి ఇస్తారా?’ నేను రాసి ఇచ్చాను. ఆ కాగితం జ్వరానికి రాసే మందు చీటీ కంటే ముఖ్యమైనదని నా నమ్మకం.

ఇప్పుడు మేనరికాల మాట. ఇది చెప్పక తప్పదు, మీరు నొచ్చుకోకండి. లెప్టిన్ లేకపోవడం లాంటి జబ్బు రావాలంటే పాడైన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా రావాలి. ఒక వైపు నుంచే వస్తే ఆ మనిషికి పెద్దగా ఏమీ తెలియదు. రక్తసంబంధంలో పెళ్ళి చేసుకుంటే రెండు వైపులా ఒకే తాత దగ్గరి జన్యువు చేరే అవకాశం పెరుగుతుంది. మనలో మేనమామని చేసుకున్నవాళ్ళు, మేనత్త కొడుకుని చేసుకున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. అందరి పిల్లలకీ ఏదో అవుతుందని నేను అనడం లేదు, ఎక్కువమంది పిల్లలు చక్కగా ఉంటారు. కానీ రక్తసంబంధపు పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉండే పాకిస్తాన్‌లో, విపరీతంగా లావున్న పిల్లల్ని పరీక్షిస్తే 30 శాతం మందిలో మూడే మూడు జన్యువుల్లో లోపం కనబడిందని 2015లో ప్రచురించారు. లెప్టిన్, దాని రిసెప్టర్, ఎంసీ4ఆర్ అనే మరో జన్యువు. మన దక్షిణాదిలో ఇలాంటి పిల్లలు ఉండరా? ఉంటారు. మనం చూడటం లేదు. ‘బొద్దుగా ఉన్నాడు, దిష్టి తీయండి’ అని ఊరుకుంటున్నాం, లేదా తల్లిని తిడుతున్నాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. లెప్టిన్ పేరుతో మాత్రలు అమ్ముతున్నారు, కొనకండి. లెప్టిన్ ప్రొటీన్, నోట్లో వేసుకుంటే కడుపులో అరిగిపోతుంది. పైగా మామూలుగా లావున్నవాళ్ళకి లెప్టిన్ తక్కువ ఉండదు, ఎక్కువే ఉంటుంది. మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. 1990లలో అలాంటివాళ్ళకి ఇంజెక్షన్‌గా ఇచ్చి కూడా చూశారు, పెద్దగా ఉపయోగం కనబడలేదు. లావు విషయంలో, పుట్టుకతో లేనివాళ్ళకే అది మందు.

మరి మనలాంటి మామూలువాళ్ళ లావుకి జన్యువులతో సంబంధం ఉందా? ఉంది. 1986లో డెన్మార్క్‌లో దత్తత వెళ్ళిన 540 మందిని చూశారు. పెద్దయ్యాక వాళ్ళ ఒళ్ళు ఎవరిని పోలింది? పెంచినవాళ్ళని పోలలేదు, కన్నవాళ్ళని పోలింది. 1990లో కెనడాలో క్లాడ్ బుషార్ 12 జతల కవలల్ని తీసుకుని, 100 రోజుల్లో 84 రోజులు, రోజుకి 1000 కేలరీలు అదనంగా పెట్టారు. అందరికీ ఒకే అదనం. సగటున 8.1 కిలోలు పెరిగారు. కానీ ఒకరు 4.3 కిలోలు పెరిగితే ఇంకొకరు 13.3 పెరిగారు. ఒక జతలోని ఇద్దరు కవలలు మాత్రం ఇంచుమించు ఒకేలా పెరిగారు. అంటే, ఒకే పెళ్ళి భోజనం ఇద్దరి ఒంట్లో ఒకేలా చేరదు. ఇది మీరు మీ ఇంట్లో చూసిందే.

ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను, ఒకే లావు ఒకరికి షుగర్ తెస్తుంది, ఇంకొకరికి తేదు అని. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారు, లండన్‌లో డాక్టర్ యుడ్కిన్ గారు, మిత్రులు. 2004లో ఇద్దరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, ఒకటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. స్కాన్ చేస్తే యుడ్కిన్ గారి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ గారి ఒంట్లో 21.2 శాతం. కాబట్టి ‘నేను సన్నగానే ఉన్నాను కదా, నాకెందుకు షుగర్ వచ్చింది?’ అని అడిగేవాళ్ళకి నేను ఆ ఫొటో గురించే చెబుతాను. యాజ్ఞిక్ గారి బృందం పుణె దగ్గర పల్లెల్లో పుట్టిన పసిపిల్లల్ని కొలిచి, బరువు తక్కువగా ఉన్నా వాళ్ళ ఒంట్లో కొవ్వు అంత తగ్గలేదని చూపించింది. అది అచ్చంగా జన్యువేనా, కడుపుతో ఉన్న తల్లి తిండి వల్లా అంటే రెండూ కలిసే ఉంటాయని నా అభిప్రాయం. 2006లో ఐస్‌లాండ్‌లో టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువుకి షుగర్‌తో సంబంధం ఉందని తేలితే, మరుసటి ఏడాదే హైదరాబాద్ సీసీఎంబీలో గిరిరాజ్ చందక్ గారు, యాజ్ఞిక్ గారు కలిసి మనవాళ్ళలోనూ అదే ఉందని చూపించారు. ఇలాంటివి వందల కొద్దీ బయటపడ్డాయి. ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది. అందుకే వాటికి ఒక్క మందు లేదు.

అయితే జన్యువులో ఉంది కదా, ఇంక చేసేదేముంది అని చేతులు ముడుచుకోవాలా? వద్దు. ఈ చెన్నైలోనే డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం, షుగర్ అంచున ఉన్నవాళ్ళకి నడక, తిండి మార్పు నేర్పించి మూడేళ్ళు చూసి, 2006లో ప్రచురించింది. షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ళూ మన జన్యువులున్న మనుషులే. నడవండి అని చెప్పడం వేరు, నువ్వు నడవకపోవడం వల్లే ఇలా అయ్యావు అని తిట్టడం వేరు. మొదటిది వైద్యం. రెండోది ఎవరికీ పనికిరాదు.

ఇక నేను మొదట్లో మేనమామల్ని అడగమన్నాను కదా, అది ఎందుకో చెబుతాను. షుగర్‌లో టైప్ 1, టైప్ 2 అని రెండే ఉన్నాయనుకుంటాం. ఒక్క జన్యువు పాడవడం వల్ల వచ్చే షుగర్లు కూడా ఉన్నాయి, వాటిలో ఎక్కువగా చూసేదాన్ని మోడీ (MODY) అంటారు. చిన్న వయసులో, పాతికేళ్ళ లోపే, ఒళ్ళు లేకుండానే వస్తుంది. తాత, తండ్రి, కొడుకు అని మూడు తరాల్లో వరసగా కనబడుతుంది. 1985లోనే డాక్టర్ వి. మోహన్ గారు, సహచరులు మనవాళ్ళలో ఇలాంటిది ఉందని రాశారు. ఇందులో ఒక రకానికి అసలు మందే అక్కర్లేదు, కడుపుతో ఉన్నప్పుడు తప్ప. ఇంకో రకం చిన్న మాత్రకి చక్కగా లొంగుతుంది. ఏ రకమో తెలియక కొందరు ఏళ్ళ తరబడి ఇన్సులిన్ పొడుచుకుంటున్నారు.

అన్నిటికంటే ముఖ్యమైనది, పుట్టిన ఆరు నెలల లోపు షుగర్ వచ్చిన పసిపిల్లలు. ఈ ఒక్కటి మాత్రం దయచేసి పదిమందికి చెప్పండి. ఆరు నెలల లోపు వస్తే అది మామూలు టైప్ 1 అయ్యే అవకాశం చాలా తక్కువ. ఇన్సులిన్ తయారు చేసే కణం మీద చిన్న ద్వారం లాంటిది ఉంటుంది. అది మూసుకుంటేనే ఇన్సులిన్ బయటికొస్తుంది. కొందరు పిల్లల్లో జన్యు లోపం వల్ల అది మూసుకోదు. ఇంగ్లండులో ఎక్సెటర్‌లో ఆండ్రూ హ్యాటర్స్‌లీ గారి బృందం 2004లో దీన్ని కనిపెట్టింది. ఆ ద్వారాన్ని మూసే మందు అప్పటికే మన షాపుల్లో ఉంది, గ్లైబెన్‌క్లమైడ్, మీ పెద్దవాళ్ళు డయోనిల్ అని వేసుకునేది. 2006లో ప్రచురించిన లెక్క చూడండి: 49 మందికి ఇన్సులిన్ బదులు ఆ తరహా మాత్రలు ఇస్తే 44 మంది ఇన్సులిన్ పూర్తిగా మానేశారు. మోతాదు వేరుగా ఉంటుంది, ఆస్పత్రిలో ఉంచి మార్చాలి, ఇంట్లో ఎవరూ సొంతంగా ప్రయత్నించకండి. కానీ మీ చుట్టాల్లో, మీ ఊళ్ళో అలాంటి బిడ్డ ఉంటే, ఇప్పుడు ఇరవై ఏళ్ళ వాడైపోయినా సరే, జన్యు పరీక్ష చేయించమనండి. ఇక్కడే డాక్టర్ మోహన్ గారి సంస్థలో రాధా వెంకటేశన్ గారి బృందం ఏళ్ళుగా ఈ పరీక్షల మీద పనిచేస్తోంది. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో రైలెక్కితే పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోవచ్చు. రక్తం ఇచ్చి వెళ్ళడమే.

వచ్చేటప్పుడు ఒక కాగితం మీద ఇంట్లో ఎవరెవరికి షుగర్ ఉంది, ఏ వయసులో వచ్చింది, వాళ్ళు లావా సన్నమా, తల్లిదండ్రులది మేనరికమా, ఈ నాలుగూ రాసుకుని రండి. డాక్టరు అడగకపోయినా మీరే ఇవ్వండి. అందుకే మేనమామల్ని అడగమన్నాను.

టైమైపోయింది. ముందు వరసలో అమ్మగారు ఇందాకటి నుంచీ చెయ్యెత్తి ఉన్నారు. అమ్మా, అడగండి, మీతోనే మొదలుపెడదాం. మైకు ఆవిడకి ఇవ్వండి.